ఆకురసం బాయిలర్‌ను కాపాడదు

భూపాలపల్లి జిల్లా ఘనపూర్ మండలం చెల్పూరులో కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. 2010లో 500 మెగావాట్ల మొదటి యూనిట్, 2016లో 600 మెగావాట్ల రెండో యూనిట్ అక్కడ ఉత్పత్తిలోకి వచ్చాయి. ఇంత పెద్ద యూనిట్‌లోని బాయిలర్ చుట్టూ గోడల్లా నిలబెట్టిన ఉక్కు ట్యూబుల్లో నీళ్లు మరుగుతుంటాయి. ఆవిరి సుమారు 540 డిగ్రీల వేడితో టర్బైన్‌కు చేరుతుంది. అలాంటి ట్యూబు లోపల కాగితం మందం స్కేల్, అంటే తుప్పూ ఖనిజాల గట్టి పొర, పేరుకున్నా చాలు, వేడి నీటికి చేరక లోహంలోనే నిలిచిపోతుంది, ట్యూబు ఉబ్బి పగులుతుంది. అందుకే ఇలాంటి బాయిలర్లను మొదటిసారి వెలిగించే ముందు, ఆ తర్వాత అవసరాన్నిబట్టి కొన్నేళ్లకోసారి, లోపలికి ఆమ్లం పంపి కడుగుతారు. ఉక్కును తినే ద్రవాన్ని ఉక్కు గొట్టాల్లోనే తిప్పి, పైనున్న తుప్పును కరిగించి కింద ఉన్న లోహాన్ని వదిలిపెట్టేలా చెయ్యాలి. ఆ పని చేయించేది ఆమ్లంలో కలిపే కొద్దిపాటి సేంద్రియ రసాయనం. ప్లాంటులో దాన్ని ఇన్‌హిబిటర్ అనే అంటారు.

ఈ ఇన్‌హిబిటర్ల గురించి మన కాలేజీల్లో, సెమినార్లలో, సైన్స్ పేజీల్లో ఒక అభిప్రాయం బలంగా పాతుకుపోయింది. రసాయన ఇన్‌హిబిటర్లు విషమనీ, మొక్కల నుంచి తీసిన రసాలు క్షేమమనీ, వేపాకు, కరివేపాకు, గోరింటాకు, జిల్లేడు, ఆఖరికి ఉమ్మెత్త ఆకు కషాయం కూడా ఆమ్లంలో ఉక్కును తొంభై, తొంభై అయిదు శాతం కాపాడుతుందనీ, కనుక పరిశ్రమ రసాయనాలను వదిలి ఆకుల వైపు రావడమే మిగిలిందనీ ఆ అభిప్రాయం. కరివేపాకు మీద 2010 నాటికే అంతర్జాతీయ పత్రిక ఒకదానిలో వ్యాసం వచ్చింది. ఆ తర్వాత మన చుట్టూ ఉన్న చెట్లలో పరీక్షకు రాకుండా మిగిలినవి తక్కువే. గడువు తీరిన మందుబిళ్లలను కూడా ఇదే వరసలో పెట్టారు.

ఈ అభిప్రాయం తప్పు. తప్పు కొలత మీద నిలబడింది, తప్పు చరిత్ర చెబుతోంది, విషం ఎక్కడుందో తప్పుగా చూపిస్తోంది. పైగా దీని వెంట పడి ఒక తరం రసాయనశాస్త్ర విద్యార్థులు తమ మంచి ఏళ్లు ఖర్చు చేస్తున్నారు. నాకు అన్నిటికంటే బాధగా ఉన్నది అదే.

ముందు ఆ శాతం ఎలా వస్తుందో చూద్దాం. మైల్డ్ స్టీల్ రేకును చిన్న చిన్న ముక్కలుగా కోస్తారు. ఒక్కో ముక్కను గరుకు నుంచి నునుపు దాకా వరసగా ఎమిరీ కాగితాల మీద రుద్దుతారు. రుద్దగా రుద్దగా అద్దంలా మెరుస్తుంది. నీళ్లతో కడిగి, అసిటోన్‌తో తుడిచి, ఆరబెట్టి, తూకం వేస్తారు. దాన్ని ఒక మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో, అంటే మూడున్నర శాతం పైచిలుకు బలం ఉన్న కొత్త ఆమ్లంలో, గది వేడి దగ్గరో 30 డిగ్రీల దగ్గరో కొన్ని గంటలు వేలాడదీస్తారు. ఒక బీకరులో ఆకురసం ఉంటుంది, పక్క బీకరులో ఉండదు. రెండు ముక్కలనూ తీసి మళ్లీ తూచి, తగ్గిన బరువుల తేడాను శాతంగా రాస్తారు. ఈ అంకె అబద్ధమని నేను అనడం లేదు. నిజాయితీగా కొలిస్తే ఎవరికైనా వస్తుంది. కానీ అది బాయిలర్ అడిగే ప్రశ్నకు జవాబు కాదు.

శాతం దేనిలో శాతం అన్నది ముందు అడగాలి. ఇన్‌హిబిటర్ లేని బీకరులో తినివేత ఎంత ఎక్కువగా ఉంటే, ఉన్న బీకరులో శాతం అంత గొప్పగా కనిపిస్తుంది. ఒక ల్యాబులో ఉత్త ఆమ్లం చదరపు సెంటీమీటరుకు గంటకు 5 మిల్లీగ్రాములు తిన్నదనుకుందాం. రసం 90 శాతం ఆపితే అర మిల్లీగ్రాము మిగులుతుంది. ఇంకో ల్యాబులో వేరే ఉక్కు, ఉత్త ఆమ్లం 1 మిల్లీగ్రామే తిన్నది. అక్కడ రసం 80 శాతమే ఆపినా మిగిలేది 0.2 మిల్లీగ్రాము. ఉక్కును బాగా కాపాడింది రెండోది. పరిశోధన పత్రాల పట్టికలో మాత్రం మొదటిది పైన కూర్చుంటుంది. చమురు బావుల్లో ఆమ్లం పోసేవాళ్లు శాతాన్ని పట్టించుకోరు. మొత్తం పని ముగిసేసరికి చదరపు అడుగు ఉక్కుకు 0.05 పౌండుకు మించి పోకూడదు అన్నది అక్కడ ఎంతో కాలంగా నడుస్తున్న హద్దు. అది సుమారు 30 మైక్రాన్ల మందం. ఎంత ఆగింది అన్నది వాళ్లకు అనవసరం, ఎంత పోయింది అన్నదే లెక్క.

ఇక వేడి. హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో బాయిలర్ కడిగేటప్పుడు సాధారణంగా 65 డిగ్రీల దాకా వేడి చేస్తారు. చల్లగా ఉంటే స్కేల్ కదలదు. 30 నుంచి 65కు పోతే ఆమ్లంలో ఉక్కు తినివేత స్థూలంగా పదిరెట్లు పెరుగుతుంది. అంటే 65 దగ్గర ఒక రసం 90 శాతం ఆపినా, మిగిలిన తినివేత 30 దగ్గర ఏ ఇన్‌హిబిటరూ లేనప్పుడు జరిగేదానికి దాదాపు సమానం. పైగా ఆకురసాలు ఆ 90ని కూడా నిలబెట్టుకోలేవు. వాటి అణువులు ఉక్కును ఎక్కువగా బలహీనమైన ఆకర్షణతోనే అంటుకుని ఉంటాయి. వేడి పెరిగితే ఊడి ద్రవంలోకి పోతాయి. వేడితో సామర్థ్యం తగ్గిందని ఆ పత్రాలే రాస్తాయి. రాసి, దాన్నిబట్టి ఇది భౌతిక అధిశోషణం అని తేల్చి, సంతృప్తిగా ముందుకు వెళ్లిపోతాయి. కాపాడాల్సిన వేడి దగ్గర కాపాడలేదన్న ముఖ్య ఫలితం అధిశోషణ రకానికి ఆధారంగా మారిపోతుంది. అసలు వార్త అదేనని చెప్పేవాళ్లు ఉండరు.

దీనికంటే పెద్ద లోపం ఇంకొకటి ఉంది. నేను చదివిన ఆకురసం పత్రాల్లో దాని ఊసు చాలా అరుదు. ఫెర్రిక్ ఇనుము సంగతి అది.

బాయిలర్ ట్యూబు అద్దంలా మెరిసే రేకు ముక్క కాదు. దాని లోపల మాగ్నటైట్, ఎర్ర తుప్పు, కండెన్సర్ల నుంచీ హీటర్ల నుంచీ కొట్టుకొచ్చిన రాగి పేరుకుని ఉంటాయి. ఆమ్లం వాటిని కరిగించగానే మూడు ధనావేశాలున్న ఫెర్రిక్ అయాన్లు ద్రవంలోకి దిగుతాయి. ఇవి ఉక్కును తినడానికి ఆమ్లంతో పని లేదు. ఒక ఇనుప పరమాణువు రెండు ఫెర్రిక్ అయాన్లను కలిస్తే మూడూ ఫెర్రస్ అయాన్లుగా కరిగిపోతాయి. హైడ్రోజన్ బుడగ కూడా రాదు. హైడ్రోజన్ అయాన్ల దాడిని బాగా అడ్డుకునే సేంద్రియ పొర ఈ దాడి ముందు చాలాసార్లు నిలబడదు. అందుకే ఆమ్లంతో కడిగే రోజు ప్లాంటు కెమిస్టు గంట గంటకూ నమూనా తీసి ఆమ్లం బలంతోపాటు కరిగిన ఇనుము ఎంత, అందులో ఫెర్రిక్ ఎంత అని చూస్తాడు. ఫెర్రిక్ పెరుగుతుంటే దాన్ని ఫెర్రస్‌గా మార్చే క్షయకరణి కలుపుతారు. కరిగిన రాగి తిరిగి ఉక్కు మీద పూతలా పడకుండా దాన్ని పట్టి ఉంచే రసాయనం కూడా చేరుస్తారు. ఇన్‌హిబిటర్ అంటే ఇంత గందరగోళంలో నిలిచి పనిచెయ్యాల్సిన వస్తువు. కొత్త ఆమ్లంలో, మెరుగుపెట్టిన రేకు మీద, ఒక్క చుక్క ఫెర్రిక్ లేకుండా గెలిచిన రసం ఈ పరీక్షకు ఇంకా కూర్చోనే లేదు.

బరువు తూకానికి దొరకని నష్టం కూడా ఒకటుంది. ఆమ్లం ఉక్కును తినేటప్పుడు పుట్టే హైడ్రోజన్ అంతా బుడగలై పోదు. కొంత పరమాణువులుగానే ఉక్కులోకి చొరబడి దాన్ని పెళుసుగా మారుస్తుంది. కొన్ని ఇన్‌హిబిటర్లు, ముఖ్యంగా ఆమ్లంలో విరిగి హైడ్రోజన్ సల్ఫైడ్ ఇచ్చే గంధక సమ్మేళనాలు, బరువు నష్టాన్ని తగ్గిస్తూనే ఈ చొరబాటును పెంచగలవు. థయోయూరియాకు ఈ చెడ్డపేరు ఎప్పటినుంచో ఉంది. తూకంలో బరువు భద్రంగా కనిపిస్తుంది, వంచితే ముక్క విరుగుతుంది. గంధకం ఉన్న ఆకులు, గింజలు, వెల్లుల్లి లాంటివి తెచ్చి పరీక్షించేవాళ్లు ఆ ముక్కను ఒకసారి వంచి చూడాలి కదా. వంచినట్లు రాసిన పత్రాలు బహు తక్కువ.

ఇప్పుడు చరిత్ర దగ్గరికి వద్దాం. మొక్కల ఇన్‌హిబిటర్లు కొత్త ఆవిష్కరణ అన్నట్లు మాట్లాడతారు. ఈ శాస్త్రం మొదలైందే వాటితో. 1872లో మరంగోని, స్టెఫనెల్లి ఆమ్లంలో ఇనుమును కాపాడటానికి తవుడు, జిగురు, జెలటిన్ వాడి చూశారు. 1895లో బాల్డ్విన్ అనే ఆయన ఉక్కు రేకుల పిక్లింగ్ కోసం, అంటే ఆమ్లంలో ముంచి తుప్పు వదిలించడం కోసం, చక్కెర మడ్డినీ, మొక్కల నూనెలనూ వాడే పద్ధతికి బ్రిటిష్ పేటెంట్ తీసుకున్నాడు. పరిశ్రమ ఆకులను చూడలేదని అనుకోవడం పొరపాటు. చూసింది, వాడింది, దాటి వచ్చింది.

ఎందుకు దాటి వచ్చిందో రసాయనశాస్త్రమే చెబుతుంది. పిండి, జిగురు, ప్రోటీన్, టానిన్, చక్కెరకు అంటుకుని ఉండే మొక్కల సమ్మేళనాలు వేడి ఆమ్లంలో నీటితో కలిసి విరిగిపోతాయి. ట్యాంకులో పొద్దున వేసిన పదార్థం మధ్యాహ్నానికి అదే పదార్థంగా ఉండదు. ఆమ్లం కలపకముందు డ్రమ్ములో ఉన్నప్పుడేమో సూక్ష్మజీవులు దాన్ని తినేస్తాయి. పైగా ఆకులో ఉన్నది ఊరినిబట్టి, కాలాన్నిబట్టి, ఆకు లేతదా ముదురుదా అన్నదాన్నిబట్టి మారుతుంది. ఎండాకాలంలో ములుగు అడవి అంచున కోసిన వేపాకూ, వానల తర్వాత జనగామ పొలంగట్టున కోసిన వేపాకూ ఒకే మందు అవుతాయని ఎవరైనా పూచీ ఇవ్వగలరా? బాయిలర్‌ను నడిపే ఇంజనీరుకు కావలసింది ఆ పూచీయే.

1932లో అమెరికాలోని మిషిగన్‌లో డౌ కంపెనీవాళ్లు ఒక చమురు బావిలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోశారు. పైపులను కాపాడటానికి అందులో కలిపింది ఆర్సెనిక్ సమ్మేళనం. పచ్చి విషం. తర్వాతి దశాబ్దాల్లో దాన్ని పక్కకు నెట్టినవి నైట్రోజన్ ఉన్న సేంద్రియ సమ్మేళనాలే, అంటే ఇవాళ మనం విషమని తిట్టిపోస్తున్న అమీన్లు, క్వినోలిన్ లవణాలు. తమ కాలంలో ఆర్సెనిక్‌తో పోలిస్తే క్షేమమైన దారి అవే. ఈ వరస మరిచిపోయి మొక్కను మంచివైపు, రసాయనాన్ని చెడ్డవైపు నిలబెట్టడం చరిత్రను తలకిందులు చెయ్యడమే.

ఈ అమీన్లు ఎలా పనిచేస్తాయో కూడా చెప్పాలి. ఆకురసం పత్రాలు అందులో సగమే చెబుతాయి. ఆమ్లంలో అమీన్ అణువు ఒక ప్రోటాన్‌ను తీసుకుని ధనావేశం పొందుతుంది. ఉక్కు ఉపరితలం కూడా ఆమ్లంలో చాలాసార్లు ధనావేశంతోనే ఉంటుంది కనుక రెండూ ఒకదాన్నొకటి తోసుకోవాలి. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో క్లోరైడ్ అయాన్లు ముందుగా ఉక్కును అంటుకుని దాన్ని రుణావేశం వైపు తిప్పుతాయి, వాటి మీద అమీన్ వచ్చి కూర్చుంటుంది. అందుకే ఒకే అమీన్ హైడ్రోక్లోరిక్‌లో బాగా పనిచేసి, సల్ఫ్యూరిక్‌లో వెనకబడుతుంది. సల్ఫ్యూరిక్‌లో కొద్దిగా అయొడైడ్ కలిపితే మళ్లీ లేస్తుంది. దీని మీదే మార్కెట్‌లో దొరికే ఇన్‌హిబిటర్లు నిలబడ్డాయి. డ్రమ్ములో ఉండేది ఒక్క అణువు కాదు. ఉక్కును పట్టే అమీన్ ఒకటి, ఖాళీలు పూడ్చే ఎసిటిలీన్ రకం ఆల్కహాల్ ఒకటి, అన్నిటినీ ద్రవంలో సమంగా ఉంచే సర్ఫాక్టెంట్ ఒకటి, అవసరమైతే అయొడైడ్ కూడా. దశాబ్దాలుగా ఒక్కో పాలు మార్చి చూసి కుదుర్చుకున్న కూర్పు అది.

ఆకురసం పత్రాల్లో ఈ కూర్పు ఆలోచనే కనిపించదు. వందల సమ్మేళనాలున్న రసంలో ఒక్కదాన్ని, పుస్తకంలో పేరు దొరికినదాన్ని, ఎంచుకుంటారు. కంప్యూటరులో దాని హోమో, ల్యూమో శక్తులు (ఎలక్ట్రాన్లు నిండిన పై స్థాయివీ, ఖాళీగా ఉన్న కింది స్థాయివీ) లెక్కవేసి, తేడా తక్కువగా ఉంది కనుక ఇది ఎలక్ట్రాన్లు దానం చేసి ఉక్కును కాపాడిందని తేలుస్తారు. ఆ లెక్క చాలాసార్లు శూన్యంలో ఒంటరిగా ఉన్న అణువుకు వేసినది. నీళ్లు లేవు, క్లోరైడ్ లేదు, ప్రోటాన్ తీసుకున్న రూపమూ కొన్నిసార్లు లేదు. స్లొవేనియాలోని యోజెఫ్ స్టెఫాన్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసే అంటోన్ కోకాల్ ఈ పద్ధతినే సూటిగా ప్రశ్నించి, హోమో ల్యూమో తేడాకు కట్టబెట్టిన ప్రాముఖ్యానికి ఆధారం లేదని వాదించాడు. అయినా పత్రాల తీరు మారలేదు. ఆ లెక్క ఇప్పుడు పత్రానికి నుదుటి బొట్టులా తప్పనిసరి అయిపోయింది.

టానిన్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే చాలా ఆకుల, బెరడుల, కాయల రసాలకు బలం టానిన్లదే అంటారు. టానిన్‌కూ ఇనుముకూ ఏం జరుగుతుందో శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. వాళ్లు కుండలో నీళ్లు, బెల్లం, తుప్పుపట్టిన ఇనుప ముక్కలు వేసి రోజుల తరబడి పులియబెడతారు. బెల్లం పులిసి ఆమ్లమవుతుంది, ఆ ఆమ్లం ఇనుమును కరిగిస్తుంది. కరక్కాయ, పాలు కలిపి తడిపి ఆరబెట్టిన గుడ్డ మీద ఆ ద్రవంతో గీస్తే, గీసిన చోట నలుపు తేలుతుంది. ఉతికినా పోదు. కరక్కాయలోని టానిన్ ఇనుమును పట్టుకున్న నలుపు అది.

ఇదే రసాయనం బాయిలర్‌లో జరిగితే ఏమవుతుంది? గాఢమైన ఆమ్లంలో ఉన్నంతసేపు ఆ నలుపు పెద్దగా ఏర్పడదు, ఆమ్లత్వం దాన్ని విడదీసి ఉంచుతుంది. ఆమ్లం తీసేసి నీళ్లతో కడగడం, తటస్థం చెయ్యడం మొదలవగానే, ద్రవంలో మిగిలిన ఇనుమూ టానిన్లూ కలిసి నల్లటి మడ్డిగా దిగుతాయి. బీకరులో రేకు ముక్క ఆమ్లం నుంచి బయటికి రాగానే ప్రయోగం ముగుస్తుంది కనుక ఈ దశ ల్యాబులో ఎవరికీ కనబడదు. ప్లాంటులో మాత్రం కడిగి శుభ్రం చేశామనుకున్న ట్యూబు గోడ మీద కొత్త పొర పడుతుంది, ఆ తర్వాత జరగాల్సిన పాసివేషన్, అంటే లోహం మీద పల్చటి రక్షణ పొరను కావాలని పెంచే పని, దాని మీద సరిగా సాగదు. గాల్వనైజింగ్‌లోనూ అంతే. చెల్పూరు నుంచి కరెంటు మోసుకెళ్లే టవర్ల ఉక్కు బద్దలకు జింకు పూత ఉంటుంది. ఆ పూత పడాలంటే ముందు బద్దను ఆమ్లంలో ముంచి తుప్పు వదిలించి, ఆ తర్వాత 450 డిగ్రీల కరిగిన జింకులో ముంచాలి. బద్ద మీద రసం పొర అంటుకుపోతే అక్కడ జింకు పట్టదు. ఉక్కుకు ఎంత గట్టిగా అంటితే అంత మంచి ఇన్‌హిబిటర్ అనే మాట ఇక్కడ చెల్లదు. పని అయిపోగానే కడిగితే పోవాలి కూడా.

అయినా పర్యావరణం కోసం ఇదంతా భరించాలి కదా అంటారు. ఈ వాదాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఇందాక చెప్పిన ఎసిటిలీన్ రకం ఆల్కహాళ్లలో ఒకటైన ప్రొపార్గిల్ ఆల్కహాల్ విషమే. పాసివేషన్‌కు వాడే హైడ్రజీన్ క్యాన్సర్ కలిగించగలదన్న అనుమానం ఉన్న రసాయనం. పటాన్‌చెరు పక్కన నక్కవాగు ఏమైందో తెలిసిన తెలంగాణవాళ్లకు పారిశ్రామిక వ్యర్థాల గురించి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. అందుకే విషం ఎక్కడుందో సరిగ్గా చూడాలి. పిక్లింగ్ ట్యాంకులో ఇన్‌హిబిటర్ వాటా సాధారణంగా ఒక శాతం లోపే. మిగిలినదంతా ఆమ్లం, అందులో కరిగిన ఇనుము, జింకు, రాగి, ఉక్కు రకాన్నిబట్టి నికెల్, క్రోమియం. మన దేశపు ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు పిక్లింగ్ నుంచి వచ్చే వాడేసిన ఆమ్లాన్ని ప్రమాదకర వ్యర్థంగానే చూస్తాయి. ఆ కొద్ది భాగంలో వేపరసం పోసి, తక్కిన ట్యాంకును అలాగే ఉంచి, మొత్తానికి హరితమని పేరు పెట్టడం జనాన్ని తప్పుదారి పట్టించడమే.

సహజం కనుక క్షేమం అన్నది కూడా మన ఊళ్లలో చెల్లే మాట కాదు. గన్నేరు పప్పు తింటే ఏమవుతుందో తెలియని ఇల్లు తెలంగాణలో లేదు. ఉమ్మెత్త విషమని పిల్లలకు కూడా చెప్పి పెంచుతాం. ఆముదం గింజలోని రైసిన్ ప్రపంచంలోకెల్లా ప్రమాదకరమైన విషాల్లో ఒకటి. ఉమ్మెత్త రసాన్ని హరిత ఇన్‌హిబిటర్ అని రాసినవాళ్లు అది వాగులో చేపకు, పశువుకు ఏం చేస్తుందో కొలిచి ఉండాల్సింది. ఒక రసాయనం నీళ్లలో ఎంత కాలానికి విరిగిపోతుంది, జలచరాలకు ఎంత మోతాదు దగ్గర హాని చేస్తుంది అని కొలిచే ప్రామాణిక పరీక్షలు ఉన్నాయి. ఉత్తర సముద్రంలోని చమురు కంపెనీలు సముద్ర కాలుష్యాన్ని అరికట్టే ఓస్పార్ ఒప్పందం కింద తమ రసాయనాలకు ఆ పరీక్షల ఫలితాలు చూపించాల్సిందే. అక్కడ మొక్క నుంచి వచ్చిందా ఫ్యాక్టరీ నుంచి వచ్చిందా అన్నదానికి మార్కులు లేవు.

రసం తీసే ఖర్చు కూడా లెక్కలోకి రావాలి. ఊహకు ఒక లెక్క వేస్తాను. కడగాల్సిన ద్రవం 300 ఘనమీటర్లు, లీటరుకు ఒక గ్రాము ఎండు రసం కావాలి అనుకుందాం. మొత్తం 300 కిలోలు. ఎండాకులో పదో వంతు రసంగా దిగితే 3 టన్నుల ఎండాకు, అంటే సుమారు 10 టన్నుల పచ్చాకు కోయాలి. ల్యాబులో చేసినట్లు కిలో ఆకుకు పది లీటర్ల మిథనాలో ఇథనాలో పోస్తే 30,000 లీటర్లు. దాన్ని మరిగించి, వడకట్టి, ఆవిరి చేసి, మళ్లీ పట్టుకోవాలి. మిథనాల్ విషం, రెండూ మండే ద్రవాలు. ఒక్క కడుగుడుకు ఇంత సాల్వెంటు తిప్పే పద్ధతిని హరితమనడం నావల్ల కాదు. రైతుకు ఆదాయం వస్తుందన్న ఆశ కూడా చూపిస్తున్నారు. కొన్నేళ్లకోసారి వచ్చే ఈ కొద్ది కొనుగోలును నమ్ముకుని ఏ రైతు ఏ పంట వెయ్యాలి?

నిజంగా విషం తగ్గించాలనుకుంటే ఆమ్లాన్నే మార్చే దారి ఎప్పుడో తెరుచుకుంది. 1917లో జేమ్స్ కరీ అనే శాస్త్రవేత్త ఒక బూజు చక్కెర నుంచి సిట్రిక్ ఆమ్లాన్ని ఎలా పెద్ద ఎత్తున ఇస్తుందో చూపించాడు. ఇప్పుడు ప్రపంచంలోని సిట్రిక్ ఆమ్లంలో దాదాపు అంతా ఆ బూజు పులియబెట్టినదే. పెద్ద బాయిలర్లను అమోనియా కలిపిన సిట్రిక్ ఆమ్లంతో కడగడం ఎన్నో ఏళ్లుగా ఉన్న పద్ధతి. స్టెయిన్‌లెస్ ట్యూబులున్న చోట హైడ్రోక్లోరిక్ వాడితే క్లోరైడ్ వల్ల బీటలు వస్తాయి కనుక అక్కడ ఇదే శ్రేయం. నీళ్లలో త్వరగా విరిగిపోతుంది. ఖర్చు ఎక్కువ, వేడి ఎక్కువ కావాలి, స్కేల్ మందంగా ఉంటే నెమ్మది. ఇన్‌హిబిటర్ ఇందులోనూ కావాలి. అలాగే ఫెర్రిక్‌ను ఫెర్రస్‌గా మార్చడానికి వాడే ఎరిథోర్బిక్ ఆమ్లం విటమిన్ సీకి తోబుట్టువు లాంటిది. ఈ రెండూ పరిశ్రమలో నిలదొక్కుకున్నాయంటే కారణం పుట్టుక కాదు. సీసా మారినా, ఏడాది మారినా ఒకేలా ఉండే శుద్ధమైన పదార్థాలు కావడం, మురికి ద్రవంలో తమ పని చేసి చూపించడం.

విద్యార్థులకు ఇదొక శిక్షణ మాత్రమే, ఇంత కఠినంగా చూడకండి అని చివరికి ఒక మాట వస్తుంది. ఈ మాట నాకు కోపం తెప్పిస్తుంది. 2009 యూజీసీ నిబంధనలు పీహెచ్‌డీ థీసిస్ ఇచ్చే ముందు పత్రిక ప్రచురణ ఉండాలన్నాయి. పరికరాలు లేని కాలేజీలో, గడువు తరుముతుంటే, పెరట్లో ఆకూ, సీసాలో ఆమ్లమూ, ఒక తక్కెడా చాలు. అందుకే ఈ వరద. విద్యార్థులను నేను తప్పుపట్టడం లేదు. 2022 నిబంధనల్లో ఆ షరతు తీసేశారు. ఇక ఆ సాకు కూడా లేదు. పిల్లలకు నేర్పాల్సింది ఫలితం ముందే తెలిసిన ప్రయోగాన్ని కొత్త ఆకుతో మళ్లీ చెయ్యడం కాదు. ఏ ఆకు వేసినా ఎంతో కొంత శాతం వస్తుంది, ఎందుకంటే నైట్రోజన్, ఆక్సిజన్, వలయాలు ఉన్న అణువులు లేని ఆకు లేదు. తప్పిపోయే అవకాశమే లేని ప్రయోగం ఏం నేర్పుతుంది?

వరంగల్‌లో ఎన్ఐటీ ఉంది, కాకతీయ విశ్వవిద్యాలయం ఉంది. చెల్పూరు అక్కడికి డెబ్భై కిలోమీటర్ల లోపే. ప్లాంట్లలో ఏటా మరమ్మతుల సమయంలో ట్యూబు ముక్కలు కోసి తీస్తారు, లోపలి స్కేల్‌తో సహా. అలాంటి ముక్కలు విశ్వవిద్యాలయాలకు ఇచ్చే ఏర్పాటు విద్యుత్ సంస్థలు చెయ్యాలి, విశ్వవిద్యాలయాలు అడిగి తెచ్చుకోవాలి. ఆ ముక్కల మీద, 65 డిగ్రీల దగ్గర, ఆరేడు గంటలపాటు తిరుగుతున్న ఆమ్లంలో, ఫెర్రిక్ పెరుగుతుండగా పరీక్ష జరగాలి. ఆ పరీక్షలో ఆకు నెగ్గితే నేను మొదటివరసలో నిలబడి ఒప్పుకుంటాను. అప్పటిదాకా ఈ విషయం మీద పత్రం రాసే ప్రతి ఒక్కరూ, దాన్ని చదివి ఆమోదించే ప్రతి ఒక్కరూ నాలుగు అంకెలు అడగాలి: పని ముగిసేసరికి ఉక్కు ఎంత మందం పోయింది, ద్రవంలో ఫెర్రిక్ ఎంత ఉండగా కొలిచారు, కడిగిన ముక్కను వంచితే ఎంత వంగి విరిగింది, మిగిలిన ద్రవం ఎన్ని రోజుల్లో నీళ్లలో విరిగిపోతుంది. శాతం ఒక్కటే రాసి ఈ నాలుగూ వదిలేసిన పత్రాన్ని వెనక్కి పంపాలి, అందులో ఉన్నది వేపాకైనా, ఫ్యాక్టరీలో చేసిన క్వినోలిన్ లవణమైనా.